ఫోనులో అంగడి: నమ్మకమే పెట్టుబడి

హైదరాబాదులో చార్మినారును ఆనుకొని ఉన్న లాడ్ బజారుకు లక్క గాజులే ప్రాణం. ఆ వీధిలో మా కుటుంబానికీ ఒక చిన్న కొట్టు ఉంది. మా ఏడాది వ్యాపారంలో పెద్ద భాగం రమజాన్ నెలలోనే జరుగుతుంది. 2020లో లాక్‌డౌన్ మూలంగా ఆ నెలంతా తలుపులు మూసి ఉంచవలసి వచ్చింది. సరుకు ఉంది, పనివారు ఉన్నారు. కొనేవారు మాత్రం తమ ఇళ్లలో ఉండిపోయారు. ఇంటిల్లిపాదీ ఫోనులో అమ్మకం నేర్చుకున్నది అప్పుడే. ఆర్డర్లు వ్రాసుకొని, ఆంక్షలు సడలిన తరువాత సరుకు పంపాము. ఈ ప్రయాణంలో మాకు అర్థమైన కొన్ని విషయాలు, ఇంటి నుండి వ్యాపారం చేయదలచిన సోదరీ సోదరులకు ఉపయోగపడగలవని ఆశిస్తున్నాము.

డిజిటల్ మార్కెటింగ్ అనగానే ప్రకటనలకు డబ్బు పోయాలని చాలామంది భావిస్తారు. మొదట చేయవలసిన పనులకు పైసా ఖర్చు లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో కొట్టు పేరు, మ్యాపులో దాని స్థానం, ఫోను నంబరు, తెరిచి ఉండే వేళలు నమోదు చేయాలి. రమజాన్‌లో వేళలు మారితే అక్కడ కూడా మార్చాలి. ‘తెరిచి ఉంది’ అన్న మాట నమ్మి పిల్లలతో వచ్చిన కుటుంబం మూసిన తలుపు చూస్తే మళ్లీ రాదు. వాట్సాప్ బిజినెస్‌లోని కేటలాగులో ప్రతి వస్తువుకూ ఫోటోతో పాటు ధర తప్పక ఉండాలి. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని వ్రాస్తే, అడగడానికి మొహమాటపడే గృహిణి మౌనంగా వెళ్లిపోతుంది.

ఫోనులో అమ్మకానికి అసలు చిక్కు వేరు. కొట్టుకు వచ్చినవారు గాజును చేతికి తొడిగి చూసుకుంటారు. తెర మీద ఆ వీలు లేదు. లక్క గాజు సాగదు; కొలత కొద్దిగా తగ్గినా చేతికి ఎక్కదు. గాజుల కొలతల్లో 2.4 అన్నది దశాంశం కాదు. రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి వ్యాసం దాదాపు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే దాదాపు 60, 2.8 అంటే 63.5 మిల్లీమీటర్లు. అందుచేత ఆర్డరు తీసుకునే ముందు, చేతికి సరిపోయే పాత గాజును స్కేలు మీద పెట్టి లోపలి కొలత చెప్పమని అడుగుతాము. ఈ ఒక్క ప్రశ్న వల్ల తిరిగి వచ్చే పార్సిళ్లు బాగా తగ్గాయి.

దైవప్రవక్త (స) మదీనా అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, అడుగున దాగిన తడిని బయటపెట్టిన ఉదంతం మనకు తెలిసినదే. ఫోను తెర కూడా అటువంటి రాశే. పైభాగం మాత్రమే కనిపిస్తుంది. అడుగున ఉన్నది చూపవలసిన బాధ్యత అమ్మేవారిదే. అందుకే ఫోటోలు పగటి వెలుతురులో తీస్తాము, రంగులకు మెరుగులు దిద్దము. రాళ్లు చేతితో పొదిగినవి గనుక వరుసలో స్వల్ప తేడాలు ఉంటాయని, లక్క ఎండ వేడికి మెత్తబడుతుందని కేటలాగులోనే వ్రాస్తాము. అలా వ్రాస్తే అమ్మకం తగ్గుతుందని బంధువులు హెచ్చరించారు. కొందరు కొనకుండా వెళ్లిన మాట నిజమే. కొన్నవారు మాత్రం తమ అక్కచెల్లెళ్లకు మా నంబరు ఇచ్చారు.

ఒక రమజాన్‌కు ముందు, డబ్బిస్తే ఐదు నక్షత్రాల సమీక్షలు వ్రాయిస్తానని ఒక ఏజెంటు వచ్చాడు. ఆ ఏడాది మాకు అప్పులున్నాయి, పిల్లల ఫీజులు కట్టవలసి ఉంది. ఇంట్లో రెండు రోజులు చర్చ జరిగింది. కొనని వారితో ‘కొన్నాము, బాగుంది’ అనిపించడం అబద్ధపు సాక్ష్యమే కదా అన్న మా అత్తయ్యగారి మాటతో చర్చ ముగిసింది. ఆ సీజను మందకొడిగానే సాగింది, అప్పు తీరడానికి మరో ఏడాది పట్టింది. ‘ఇక రెండే మిగిలాయి’ అంటూ లేని తొందర పెట్టడం కూడా ఇటువంటిదే. 2023 నవంబరు 30న కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన మార్గదర్శకాలు నిషేధించిన 13 రకాల మోసపు పద్ధతుల్లో ఇదీ ఒకటి.

వచ్చినవారిని నిలుపుకోవడానికి మేము చేసేది ఇంతే. ఊడిన రాయిని ఉచితంగా అతికించి ఇస్తాము. ఎవరైనా అసంతృప్తితో సమీక్ష వ్రాస్తే వాదించకుండా, ఏమి చేయగలమో చెబుతూ అక్కడే మర్యాదగా బదులు వ్రాస్తాము. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ సందేశం మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. కాబట్టి అడగనివారికి పంపే ప్రయత్నం వృథా. కోరినవారికి కూడా కొత్త సరుకు వచ్చినప్పుడే పంపుతాము. మాతో మాట్లాడేవారిలో అత్యధికులు స్త్రీలు. వారి నంబర్లు, గాజులు తొడిగి పంపిన చేతుల ఫోటోలు మా వద్ద అమానతులు. అనుమతి లేనిదే స్టేటస్‌లో పెట్టము, నంబర్లు ఎవరికీ ఇవ్వము.

కొత్తగా ప్రారంభించేవారు వేలమంది ఫాలోయర్ల కోసం తాపత్రయపడనవసరం లేదు. తెలిసిన పదిమందికి అమ్మండి. వారి కొలత, నచ్చిన రంగు, ఇచ్చిన మాట ఒక పుస్తకంలో వ్రాసుకోండి. చెప్పిన రోజున సరుకు పంపండి. ఆలస్యమైతే వారు అడగకముందే తెలియజేయండి. పదకొండవ గిరాకీని ఆ పదిమందే తీసుకువస్తారు.