వెనక బండిలో ఎవరూ లేరు

2023 వేసవిలో నేనూ మా ఆవిడా అమెరికాలో డాలస్ దగ్గరున్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాం. వెళ్లిన మూడోరోజే వాడు నన్ను ఊరి చివర అద్దెస్థలంలో పెట్టుకున్న మోటార్‌హోమ్ దగ్గరికి తీసుకెళ్లాడు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడట. ముప్ఫై రెండడుగుల పొడవు. లోపల మంచాలు, పొయ్యి, బాత్రూము. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు మెకానిక్కుగా చేసినవాణ్ణి. నాకు మాత్రం అది సీట్లు పీకేసిన బస్సులాగే కనబడింది.

‘‘నాన్నా, ఈసారి దీని వెనక మన పికప్పును కూడా కట్టుకుపోదాం’’ అన్నాడు. అదీ సబబే. ఒకచోట మోటార్‌హోమ్ ఆపి నీళ్లగొట్టం, కరెంటువైరు తగిలించాక, పాలు కొనుక్కురావడానికి మళ్లీ ఆ ఇంటినంతా కదిలించలేం కదా. ట్రాలీ మీద ఎక్కించకుండా, నాలుగు చక్రాలూ నేలమీదే దొర్లుతుండగా లాక్కుపోతారట. దాన్ని ఫ్లాట్ టోయింగ్ అంటారు.

‘‘మరి వెనక బండిలో ఎవర్రా కూర్చునేది?’’ అన్నాను.

‘‘ఎవరూ కూర్చోరు నాన్నా. కూర్చోకూడదు కూడా.’’

నాకు గుండె ఆగినంత పనైంది. ఎందుకో చెబుతాను. పదిహేడేళ్ల వయసులో నేను మా మేనమామ లారీలో క్లీనరుని. మారేడుమిల్లి ఘాట్‌లో ఓ రాత్రి ఇంజను పోయింది. ఇంకో లారీకి గొలుసుతో కట్టి ఎత్తు ఎక్కిస్తున్నాం. స్టీరింగ్ దగ్గర మామయ్య, పక్కన చెక్కదిమ్మ ఒళ్లో పెట్టుకుని నేను. మలుపులో గొలుసు తెగింది. ఇంజను ఆగిన బండికి బ్రేకు ఎంత బిగుసుకుపోతుందో తొక్కినవాడికే తెలుస్తుంది. మామయ్య రెండు కాళ్లతో నిలబడి తొక్కుతూ ‘‘దూకరా!’’ అని అరిచాడు. దూకి వెనక చక్రం కింద దిమ్మ పెట్టాను. బండి ఆగింది. నా ఎడమచేతి చిటికెనవేలు ఇప్పటికీ వంకరే. అప్పట్నుంచీ నా లెక్క ఒకటే. లాగించుకునే బండిలో మనిషుండాలి. మా డిపోలో చెడిపోయిన బస్సును తెచ్చేటప్పుడు కూడా దాని స్టీరింగ్ దగ్గర డ్రైవరుండాల్సిందే.

సరే, మనిషి లేకపోతే వాడి పనులు ఎవరు చేస్తారో చూపించమన్నాను. వాడు ఒక్కొక్కటే విప్పి చూపించాడు.

నా మొదటి అనుమానం గేరుబాక్సు మీద. ఆటోమేటిక్ బండిలో గేరుబాక్సుకి ఆయిలు తోడే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగి చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపల ఆయిలందక కాలిపోతుంది. అందుకే రెండు చక్రాలకే ఇంజను బలం అందే ఆటోమేటిక్ పికప్పుని ఉన్నదున్నట్టుగా ఇలా లాగకూడదు. వెనక షాఫ్టు విడదీసే ఏర్పాటో, విడిగా ఆయిలు పంపో పెట్టించాలి. మావాడిది నాలుగు చక్రాలదీ. ట్రాన్స్‌ఫర్ కేసుకి న్యూట్రల్ ఉంది. అది న్యూట్రల్‌లో పడితే చక్రాలకీ గేరుబాక్సుకీ సంబంధం తెగిపోతుంది. ఒక్కో బండికి ఒక్కో పద్ధతి. కొన్ని ఫోర్‌వీల్ బళ్లకి అసలీ న్యూట్రలే ఉండదు. బండితో ఇచ్చిన పుస్తకం చూడకుండా చేతులు పెట్టకూడదు. మా పుస్తకం ప్రకారం, న్యూట్రల్‌లో వేశాక ఇంజను స్టార్ట్ చేసి, గేరు వేసి, బండి కదలట్లేదని చూసుకోవాలి.

ఇక టో బారు. రెండు చేతులు చాచినట్టుంటుంది. దాని బిగింపు బంపరుకి కాదు, ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన బేస్‌ప్లేటుకి. ముందు బండి కొక్కెం, ఈ ప్లేటు దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. కిందనుంచి కత్తెరలా అడ్డంగా వేసిన రెండు ఇనుపతాళ్లు. బారు ఊడినా బండి పోదు. పికప్పు స్టీరింగ్ తాళం పడకుండా ఉండాలి, ముందు చక్రాలు మలుపును బట్టి తిరగాలి కదా. వెనక్కి మాత్రం నడపకూడదు. చక్రాలు అడ్డం తిరిగి బారు వంగిపోతుంది. పెట్రోలు బంకులో తప్పుదారిలో దూరితే, దిగి బండి విప్పుకోవడమే గతి. ముందు బండి బ్రేకులైట్లూ ఇండికేటర్లూ వెనక బండిలోనూ వెలిగేలా వైరింగు.

అన్నీ బాగున్నాయి. ‘‘మరి బ్రేకేదిరా?’’ అన్నాను.

‘‘ముందు బండి బ్రేకు చాల్లే నాన్నా. ఇప్పటికే చాలా అయింది. అది తర్వాత కొందాం.’’

లారీలు తూచే కాటా మీద పికప్పుని పెట్టించాను. 4,700 పౌండ్లు. అంటే 2,100 కిలోల పైమాట. మోటార్‌హోమ్ కొక్కెం లాగగలిగేది 5,000 పౌండ్లు. లాగడం వేరు, ఆపడం వేరు. అంత బరువు వెనకనుంచి తోస్తుంటే పల్లంలో ముందు బ్రేకులు వేడెక్కి చేతులెత్తేస్తాయి. ‘‘నేను రాను. మనవణ్ణీ పంపను’’ అన్నాను. వాడి బిడ్డను పంపడానికి నేనెవర్ని? అయినా అన్నాను. కోడలు నా పక్షాన నిలబడింది. రెండ్రోజులు వాడు నాతో ముభావంగా ఉన్నాడు. మూడోరోజు ఆర్డరు పెట్టాడు.

వచ్చింది ఓ పెట్టె. డ్రైవరు కాళ్ల దగ్గర పెట్టి, దాని చెయ్యిని బ్రేకుపెడలుకి బిగించాలి. ముందు బండి వేగం తగ్గుతున్న సంగతి ఆ ఊపుని బట్టి కనిపెట్టి, అదే పెడలు తొక్కుతుంది. దానితోపాటు తెగిపోతే పనిచేసే స్విచ్చి ఒకటి. పికప్పు ముందు దాన్ని బిగించి, దాని పిన్నుకి కట్టిన తీగని మోటార్‌హోమ్‌కి తగిలిస్తారు. బండ్లు విడిపోతే పిన్ను ఊడి, పెట్టె బ్రేకు తొక్కి పట్టేస్తుంది. మామయ్య కాలు, నా చెక్కదిమ్మ రెండూ అందులోనే ఉన్నాయన్నమాట.

‘‘పిన్ను లాగి చూడు’’ అన్నాను. లాగాడు. పెట్టె ఉలకలేదు, పలకలేదు.

మావాడి మొహం పాలిపోయింది. వైరింగు తనే చేశాడు మరి. నేను వంగి చూశాను. ఎర్త్ వైరుని రంగు మీదే బిగించాడు. డిపోలో కుర్రాళ్లు రోజూ చేసే తప్పే. జేబులో కత్తితో రంగు గీకి, ఇనుము తేలాక బిగించమన్నాను. మళ్లీ లాగాడు. పెట్టె గుర్రుమంది, పెడలు కిందికి దిగి నిలిచింది. మనవడు చప్పట్లు కొట్టాడు. మావాడు ఏమీ అనలేదు గానీ, ఆ రోజునుంచీ ప్రయాణానికి ముందు ‘‘పిన్ను లాగుదామా నాన్నా?’’ అని అడిగేవాడు.

పాలో డ్యూరో లోయకు బయల్దేరాం. విచిటా ఫాల్స్ మీదుగా అమరిల్లో వైపు రోజంతా ప్రయాణం. ఆగినచోటల్లా దిగి, టైర్లమీదా చక్రాల నడిమీదా చెయ్యి పెట్టి వేడి చూశాను. వెనక కెమెరా తెరలో మనిషిలేని పికప్పు బుద్ధిగా వస్తూనే ఉంది. వంద మైళ్ల వరకూ ఆ తెరమీదనుంచి చూపు తిప్పలేదు. ఆ తర్వాత నిద్రపోయానని మా ఆవిడ చెబుతుంది.

దాదాపు 800 అడుగుల లోతున్న లోయలోకి రోడ్డు నిటారుగా దిగుతుంది, పది శాతం వాలు. పైనే చదునైన చోట మావాడు ఆపాడు. ‘‘ఇక్కడ విప్పేద్దాం నాన్నా.’’ నేను చెప్పకుండానే అన్నాడు. వరసగా అన్నీ విప్పాం. పెట్టె తీసి పక్కసీటు కింద పెట్టాం. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లోంచి తీశామా లేదా అని రెండుసార్లు చూశాను.

మోటార్‌హోమ్ ముందు దిగుతోంది. వెనక పికప్పులో స్టీరింగ్ దగ్గర మా కోడలు, పక్కన నేను. మొదటి మలుపులో ముందు బండి బ్రేకులైట్లు ఎర్రగా వెలిగాయి. నా కుడికాలు దానంతటదే నేలని గట్టిగా తొక్కింది.

‘‘మావయ్యగారూ, బ్రేకు నా దగ్గరుంది’’ అంది మా కోడలు.