సాసరులో చాయ్

విద్యార్థి సంఘం మిత్రులు సావనీరుకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు ముందు నవ్వొచ్చింది. ఇలాంటి సంచికల్లో పూర్వ విద్యార్థి అంటే ఏదో ఒకటి సాధించినవాడై ఉండాలి. నేను తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, అదే బ్యాంకులో రిటైరైనవాణ్ణి. పిల్లలకు చెప్పదగ్గ ఘనకార్యమేదీ నా ఖాతాలో లేదు. అయితే ఒక సంగతి మాత్రం ఆలస్యంగానైనా తెలిసివచ్చింది. అదే రాస్తున్నాను. అది ఒక సాసరెడు చాయ్ గురించి.

మాది బాన్సువాడ. నేను చదువుకునే రోజుల్లో నిజామాబాదు జిల్లా, 2016 దసరా నుంచి కామారెడ్డి జిల్లా. మా ఊరికి ఎగువన మంజీర మీద నిజాంసాగరు ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. ఆ ప్రాజెక్టు కాలువే మా చుట్టుపక్కల ఊళ్ళకు అన్నం పెట్టింది. మా బాపు ఆ కాలువ మీద లష్కరు. లష్కరంటే సిపాయి అనుకునేరు! తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టు వెంట తిరిగి ఎక్కడ గండి పడిందో చూడటం, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకు అందేటట్టు చూడటం ఆయన పని.

కాలువ వదిలిన రోజుల్లో రాత్రి ఇంట్లో ఉండేవాడు కాదు. భుజాన పార, చేతిలో టార్చిలైటు. పైవాళ్ళు తూము దగ్గర రాళ్ళు అడ్డం పెట్టి నీళ్ళు మళ్ళించుకుంటే కింది పొలాలు ఎండిపోతాయి. అందుకని ఆ చివరి మడి తడిసేదాకా ఆయనకు నిద్ర ఉండేది కాదు. తెల్లవారాక బురద కాళ్ళతో నేరుగా బస్టాండు దగ్గరి హోటలుకు వచ్చేవాడు. అవ్వ పంపితే నేను వెతుక్కుంటూ వెళ్ళేవాణ్ణి. చాయ్ వచ్చేది. కప్పులోంచి సాసరులోకి ఒంపుకుని, రెండుసార్లు ఊది, జుర్రుమని తాగేవాడు. ఆ తాగడంలో కళ్ళు మూతలు పడేవి. చివర ఒక గుక్క నాకు మిగిల్చి సాసరు నా ముందుకు జరిపి, "ఇగ సాలు" అనేవాడు. ఆ రెండు మాటలూ రాత్రి పడ్డ కష్టమంతటికీ రసీదు రాసిచ్చినట్టుండేవి.

1984లో నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండగా బాపు ఒకసారి వచ్చాడు. పరీక్ష ఫీజు డబ్బులు ధోవతి కొంగున ముడివేసుకుని, అవ్వ చేసిన సకినాలు సంచిలో పెట్టుకుని, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. క్యాంటీనుకు తీసుకుపోయాను. నలుగురైదుగురు మిత్రులు కూడా ఉన్నారు. చాయ్ రాగానే బాపు అలవాటు ప్రకారం సాసరులో పోసుకుని జుర్రుమన్నాడు. పక్క బల్ల మీద ఎవరో కిసుక్కుమని నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"బాపూ, కప్పుతోనే తాగు. అందరు సూస్తున్నరు" అన్నాను మెల్లగా.

బాపు నన్ను ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు. సాసరులో ఉన్న చాయ్‌ని చుక్క కింద పడకుండా తిరిగి కప్పులోకి ఒంపాడు. నీళ్ళు వంపడం తెలిసిన చెయ్యి కదా! వేడి చాయ్‌ని గబగబా నాలుగు గుక్కల్లో మింగేశాడు. నాలుక కాలే ఉంటుంది. ఆ రోజు "ఇగ సాలు" అనలేదు. నాకు ఒక్క గుక్కా మిగల్చలేదు. మిగల్చకపోవడమే నాకప్పుడు హాయిగా అనిపించింది. నిజం ఒప్పుకోవాలి కదా.

విచిత్రమేమంటే, ఆ నెలలోనే నేను ఎపిక్యూరస్ మీద పేజీలకు పేజీలు నోట్సు రాసుకున్నాను. దాదాపు 2300 ఏళ్ళ నాటి ఆ గ్రీకు తాత్త్వికుణ్ణి లోకం భోగలాలసుడిగా చెప్పుకుంటుంది. ఆయన చెప్పింది మాత్రం ఆకలిగొన్నవాడికి రొట్టె, నీళ్ళూ అన్నిటికంటే మించిన సుఖమని. పరీక్షలో ఈ తేడా బాగా వివరించానని మార్కులు కూడా పడ్డాయి. రాత్రంతా గట్టు మీద నడిచినవాడి చేతిలో చాయ్ సాసరు ఏమిటో మాత్రం నాకు తట్టలేదు. ఆ పాఠం చెప్పగలిగినవాడు నా ఎదుటి బల్ల మీద కూర్చుంటే, కప్పుతో తాగమని నేనే మందలించాను.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. బాపు మా ఇంటికి వచ్చినప్పుడల్లా కప్పుతోనే తాగేవాడు. పట్నం అలవాటు పట్టుబడిందనుకున్నాను.

2016 ఆగస్టులో బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయింది. నిజామాబాదు ఆసుపత్రిలో చేర్చాం. ప్రాణానికి ఫరవా లేదన్నారు గాని, మింగడం పోయింది. మనం రోజుకు వందలసార్లు తెలియకుండానే చేసే పని అది. నాలుక, గొంతు, అన్ననాళం కండరాలు ఒకదాని వెంట ఒకటి సరైన క్షణంలో కదలాలి, ఊపిరితిత్తుల దారి ఆ క్షణానికి మూతపడాలి. వరుస తప్పితే తాగింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. నేను ముద్దలే ప్రమాదమనుకున్నాను. పలచటి నీళ్ళే మరీ ప్రమాదమనీ, గొంతు సర్దుకునే లోపలే జారిపోతాయనీ డాక్టరు చెప్పారు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. పాలు, జావ, మందులు అన్నీ అందులోంచే. నీళ్ళమీద బతికిన మనిషి పెదవులకు తడిగుడ్డ అద్దడమే మిగిలింది.

ఐదు వారాలు అలా గడిచాయి. గొట్టంతో కడుపు నిండుతుంది, మనిషి బతుకుతాడు. కాని నాలుకకు ఏమీ తెలియదు. పక్క మంచం వాళ్ళు ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకుంటుంటే బాపు ముఖం గోడకు తిప్పుకునేవాడు. ఒకనాడు ఎడమ చెయ్యి దోసిలిలా పట్టి, పెదవుల దగ్గరికి తెచ్చుకుని, ఉఫ్ అని ఊదాడు. నాకు అర్థం కాలేదు. కాలిందేమోనని నర్సును పిలవబోయాను. అవ్వ ఆపింది.

"సాసర్ల చాయ్ అడుగుతుండు బిడ్డా. ఇంట్ల గట్లనే తాగుతడు. నువ్వుంటెనే కప్పు."

ముప్పై రెండేళ్ళు! నేను వరండాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను.

అంతకుముందు ఏడు మాకు కరువు. మంజీర పొడిగా పడి ఉండేది. 2016 సెప్టెంబరు ఆఖరి వానలకు నదికి వరదొచ్చి ఎగువన సింగూరు, కిందికి నిజాంసాగరు నిండాయి. ఆ వానల్లోనే బాపు గొంతు కూడా మెల్లమెల్లగా దారికొచ్చింది. ముందు చిక్కటి రాగిజావ, అర చెంచా. మింగాక "ఆ" అనమనేవారు. గొంతు గరగరలాడితే ఆపేయాలి. గరగర లేకపోతే ఇంకో అర చెంచా. ఇలా రోజులు గడిచాక గొట్టం తీసేసి ఇంటికి పంపారు. పలచటివి కూడా చెంచాతో, కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా ఇవ్వవచ్చన్నది బతుకమ్మ పండుగ రోజుల్లో.

ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మలెత్తుకుని పోతున్నారు. అవ్వ చాయ్ చేసింది. నేను సాసరులో పోశాను. నా చేత్తో సాసరు పట్టి ఊదడం నా జీవితంలో అదే మొదలు. చెంచాతో పెదవుల దగ్గర పెట్టాను. బాపు మింగాడు. "ఆ" అన్నాడు. గొంతు శుభ్రంగా ఉంది. సాసరెడు చాయ్ తాగడానికి దాదాపు అరగంట పట్టింది. మధ్యలో ఆగి, ముద్దమాటతో, "ప్రాజెక్టు నిండిందా?" అని అడిగాడు.

"నిండింది బాపూ."

కళ్ళు మూసుకున్నాడు. సాసరులో చివరి గుక్క ఉండగానే ఎడమ చేత్తో నావైపు నెట్టి, "ఇగ సాలు" అన్నాడు.

అది చల్లారిపోయిన చాయ్. నేను తాగాను. జుర్రుమని చప్పుడు చేస్తూనే తాగాను.

ఆ తర్వాత బాపు మూడేళ్ళు బతికాడు. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. రోజూ రెండు పూటలా సాసరు ఉండేది.

ఇది చదివి ఎవరైనా, "సాలు అనుకుంటే మనిషి ఎదిగేదెట్లా? దేశం మారేదెట్లా?" అని అడగవచ్చు. విద్యార్థి సంఘం పుస్తకంలో ఈ ప్రశ్న రావలసిందే. నా జవాబు బాపు బతుకులోనే ఉంది. చివరి మడికి నీళ్ళందకుండా ఆయన ఏనాడూ "ఇగ సాలు" అనలేదు. ఎదుటివాడి వంతు నీళ్ళ కోసం రాత్రంతా తగాదా పడేవాడు. తన వంతు సుఖం దగ్గరికి వచ్చేసరికి ఒక సాసరు చాలనేవాడు. మనలో చాలామందిమి దీన్ని తలకిందులు చేసుకున్నాం. ఎదుటివాడికి చాల్లే అంటాం, మనకు మాత్రం ఎంతకీ చాలదు.

కృతజ్ఞత అనే మాట బాపు నోట నేనెప్పుడూ వినలేదు. అది మన పుస్తకాల మాట. ఆయనకు వచ్చింది ఆ రెండు మాటలే, అవి కూడా నాకొక గుక్క మిగిల్చాకనే అనేవాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఊళ్ళనుంచి అవ్వో బాపో సంచి పట్టుకుని హాస్టలుకు వస్తారు. క్యాంటీనుకు తీసుకుపోండి. చాయ్ చెప్పండి. సర్వరు కప్పులు తెస్తే, సాసర్లు కూడా తెమ్మనండి.