మా అక్కా, వంటలక్కా

మొన్న ఎండాకాలంలో మా చిన్నాయిన మనవరాలి పెళ్ళి షోలాపూర్‌లో జరిగింది. అక్షింతలు పడ్డాయి, భోజనాల పంక్తి ఇంకా మా దాకా రాలేదు. ఆడవాళ్ళం పది పన్నెండుమందిమి పందిట్లో ఒక మూలకు కుర్చీలు లాక్కొని కూర్చున్నాం. మాట మీద మాట వచ్చి సీరియళ్ళ మీద పడింది.

“రెండో కార్తీకదీపం చూస్తున్నరా?” అని ఒకామె అడిగింది.

“చూస్తున్న గని, పాతదాని లెక్క లేదు” అంది ఇంకొకామె.

మా అక్క అప్పటిదాకా నోరు విప్పలేదు. “పాతది అంటే ఏ పాతది?” అని అడిగింది.

అందరూ నవ్వారు. తరువాత ఎవరి జవాబు వాళ్ళది. ఒకామె దీప, పిల్ల ఇద్దరే ఉన్నప్పటిదంది. ఒకామె మోనిత జైలుకు పంపినప్పటిదంది. ఇంకొకామె “సచ్చినోళ్ళు మళ్ళ లేచొచ్చినప్పటిది మాత్రం కాదు తల్లీ” అంది. మళ్ళీ నవ్వులు. పంక్తి వచ్చింది, లేచాం. కాని అక్క అడిగిన ప్రశ్న నాకు ఇంటికొచ్చినా వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ కాలనీలో. బీడీలు చుట్టే ఆడవాళ్ళ కోసం కట్టిన పదివేల ఇండ్లలో ఒకటి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించిన ఇండ్లు అవి. ఆ ఇల్లు మా అవ్వ పేరు మీద ఉంది. నాయిన పనిచేసిన మిల్లు మూతపడ్డాక మమ్మల్ని సాకింది అవ్వ చుట్టిన బీడీలే. నాయిన పవర్‌లూమ్ మీద చద్దర్లు నేశాడు గాని, ఆ దుమ్ముకు ఆయన ఊపిరి ఎక్కువ కాలం నిలవలేదు.

అక్క 2009లో ఆర్నెల్ల పాపను ఎత్తుకొని ఆ ఇంటికి తిరిగొచ్చింది. బావ భివండీలో సాంచాల మీద పనిచేసేవాడు. పాప తెల్లగా పుట్టింది. “మా ఇంట్ల ఎవరున్నరు ఇంత తెలుపు?” అన్నాడట. మొదట నవ్వుతూ అన్నాడు, తరువాత తాగి అన్నాడు, చివరకు పదిమందిలో అన్నాడు. అక్క మారు మాట్లాడకుండా బట్టలు మూట కట్టుకుంది. గడపలోకి రాగానే అవ్వ అడిగింది ఒక్కటే. “తిన్నవా?”

2017 అక్టోబరులో స్టార్ మాలో ‘కార్తీకదీపం’ మొదలైంది. అది మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’ కథ. అక్కడ ఆ వేషం వేసిన ప్రేమీ విశ్వనాథే ఇక్కడ దీపగా వచ్చింది. కథ మీకందరికీ తెలిసిందే. నల్లపిల్ల అని అత్త సౌందర్య దీపను మొదట్లో ఒప్పుకోదు. మొగుడు కార్తీక్ గుండె డాక్టరు. తనకు పిల్లలు పుట్టరని మోనిత చెప్పిన అబద్ధం నమ్మి, భార్యను అనుమానిస్తాడు. ఆమె బయటికొచ్చి వంటలు చేసి బతుకుతుంది. కవలల్లో శౌర్య తల్లి దగ్గర, హిమ తండ్రి ఇంట్లో పెరుగుతారు.

రాత్రి ఏడున్నరకు టీవీ పెట్టేవాళ్ళం. అవ్వా అక్కా చేటలు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాళ్ళు. నేను స్కూలు యూనిఫారాలకు గుండీలు కుట్టేదాన్ని. పొద్దున కార్ఖానాకు ఇయ్యాల్సిన బీడీలు ఎన్ని మిగిలితే అంత గట్టిగా చేతులు ఆడేవి, కళ్ళు మాత్రం టీవీ మీద. మొదటి వారంలోనే అవ్వ అక్కవైపు చూసి ఊరుకోవడం నేను గమనించాను. అక్క తల ఎత్తలేదు. మా ఇంట్లో ఎనిమిదేళ్ళు ఎవరూ నోరెత్తని సంగతి టీవీలో ఒక డాక్టరు ఇంట్లో జరుగుతోంది. అవ్వ కార్తీక్‌ను తిట్టేది. “నీ చదువు మన్నువడ, కట్టుకున్నదాన్ని నమ్మవైతివి!” అనేది. ఆ తిట్లు ఎవరికో మా ముగ్గురికీ తెలుసు. మా మంచి రోజులు అవి. సీరియల్‌కూ అవే మంచి రోజులని నా అభిప్రాయం. ప్రతి మనిషీ ఎందుకు అట్లా ఉన్నాడో అప్పుడు అర్థమయ్యేది. సౌందర్య మనసు మారడం కూడా రోజుకు కొంచెం కొంచెం జరిగింది, నమ్మేటట్టు ఉంది.

తరువాత సాగదీత మొదలైంది. డీఎన్ఏ పరీక్ష ఒక్కటి చేయిస్తే తేలిపోయే సంగతి. మొగుడు డాక్టరు, ఇంటినిండా చదువుకున్నవాళ్ళు. అయినా ఏళ్ళు గడిచాయి. నిజం చెప్పబోయే మనిషికి ఫోను వచ్చేది, లేకుంటే స్పృహ తప్పేది. ఒక్క మాటకు ఐదు ముఖాలు మూడేసిసార్లు చూపించేవాళ్ళు. ఒక రాత్రి అక్క చేతిలో బీడీ పట్టుకొని, “ఆకు ఎక్కువ, తంబాకు తక్కువ. మనం ఇట్ల చుడితే కార్ఖానల ఛాట్ తీసేస్తరు. వీళ్ళకు మాత్రం మస్తు పేరు!” అంది. అవ్వ కిసుక్కున నవ్వింది. కానీ మరునాడు ఏడున్నరకు మళ్ళీ ముగ్గురమూ అక్కడే.

ఎందుకు కూర్చున్నామని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. కథ కోసమే అయితే ఎప్పుడో లేచిపోయేవాళ్ళం. దీప మీద పడ్డ నింద ఎప్పుడు తుడుచుకుపోతుందా అని అవ్వ ఎదురు చూసింది. టీవీలో తుడుచుకుపోతే మా ఇంట్లోనూ కొంత తుడుచుకుపోయినట్టు ఆమెకు అనిపించిందేమో.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బీడీ కార్ఖానాలు మూతపడ్డాయి, షూటింగులూ ఆగాయి. చేతికి పని లేదు, కంటికి కొత్త ఎపిసోడ్ లేదు. పాతవే మళ్ళీ వేశారు. అవ్వ ఖాళీ చేట ఒళ్ళో పెట్టుకొని చూసింది. “చేతులు ఊకుంటలేవు బిడ్డా” అనేది. ఆ నెలల్లో దుకాణంలో ఉద్దెర పెరిగింది, అక్క చెవి కమ్మలు కుదువకు పోయాయి.

చివరకు 2021లో కార్తీక్‌కు నిజం తెలిసింది. పిల్లలు తనవాళ్ళేనని ఏడ్చాడు, క్షమించమన్నాడు. మా బస్తీలో ఆ రాత్రి పండుగే. ఇండ్ల ముందర నిలబడి ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్క మాత్రం లేచి పోయి ఆకు తడిపింది.

ఆ తరువాత కొద్ది రోజులకే భివండీ నుంచి ఫోను వచ్చింది. బావ వాళ్ళ అన్న. “తమ్ముడు ఒక్కడే ఉంటున్నడు. తప్పయిందంటున్నడు. వండిపెట్టెటోళ్ళు లేరు. పెద్దమనుషులను తీస్కొని వస్తం” అన్నాడు.

అవ్వ ఆ రాత్రి అక్కను కూర్చోబెట్టింది. “దీప పోతలేదా? అంత అవమానం పడ్డది, అయినా పిల్లల కోసం పోతలేదా? నేనెన్ని రోజులుంట?”

“దీప సంగతి కథ రాసెటోళ్ళు చూసుకుంటరు” అంది అక్క. “ఆయినకు వంట కావాల్నంట. నేను కావాల్నని ఎవరన్న అన్నరా? పాప నా బిడ్డ అని ఆ పదిమందిల మళ్ళ అన్నడా?”

అవ్వకు కోపం వచ్చింది. ఎనిమిది రోజులు ఆ ఇద్దరూ ఒక దగ్గర కూర్చోలేదు. ఏడున్నరకు టీవీ నేను పెట్టేదాన్ని, అవ్వ ఒక్కతే చూసేది. అక్క వెనక వాకిట్లో బల్బు కింద చుట్టేది. పెద్దమనుషులు రానూ వచ్చారు. అక్క చాయ్ పోసింది, తన మాటే చెప్పింది. వాళ్ళు చాయ్ తాగి లేచిపోయారు.

సీరియల్‌లో ఏం జరిగింది? కార్తీక్ మారాడని సంతోషపడే లోపల, అతని వల్లే తాను గర్భవతినని మోనిత వచ్చి నిలబడింది. తరువాత చచ్చినట్టు నాటకమాడి అతన్ని జైలుకు పంపింది. దీప మళ్ళీ పరుగులు పెట్టింది. ఇన్నేళ్ళు ఆమెను నమ్మని మనిషిని కాపాడడానికి! ఇక్కడే ఈ సీరియల్ మాలాంటివాళ్ళకు చేసిన అన్యాయం ఉందని నేను అనుకుంటాను. దీప తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషి. చేతి వంటతో పిల్లను సాకింది. నిజం తెలిసిన రోజు కథ అక్కడ ఒక నిమిషం ఆగి, “నీకేం కావాలమ్మా?” అని ఆమెను అడగాల్సింది. అడగలేదు. ఆమె చేతిలో గరిటె పోయి కన్నీళ్ళే మిగిలాయి. అక్క ఒక రోజు వాకిట్లోంచే “ఇప్పుడేమైంది?” అని అడిగింది. అవ్వ చెప్పింది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ తన చేట తీసుకొని వాకిట్లోకే వచ్చి కూర్చుంది. ఫోను సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

2022 మార్చిలో హిమ కారు నడపడం, కారు లోయలో పడడం, దీపా కార్తీక్ చనిపోవడం మీరు చూసే ఉంటారు. అప్పటికే అవ్వకు దగ్గు బలిసింది. మంచంలో ఒరిగి చూసింది. అందరూ ఏడుస్తున్నారు. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, “పోకుండ ఉంటే బతుకుతుండె” అంది. అక్క ఆమె కాళ్ళు ఒత్తుతోంది. ఒత్తుతున్న చేతులు ఆగాయి. అవ్వ ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పేసింది.

కథ ఏళ్ళు దాటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. హిమ డాక్టరు, శౌర్య జ్వాల అనే పేరుతో ఆటో నడిపే పిల్ల. ఆ భాగాన్ని మా బస్తీలో అందరూ తిట్టారు. దీప లేని కార్తీకదీపం ఏందన్నారు. నిజమే, ఒక పిల్లవాడి కోసం అక్కాచెల్లెళ్ళ త్యాగాలు విసుగే పుట్టించాయి. కానీ మా అక్క బిడ్డకు అదే నచ్చింది. దానికప్పుడు పదమూడేళ్ళు. మరాఠీ బడి, మరాఠీ దోస్తులు, తెలుగు మాట్లాడితే సగం మరాఠీ కలిపేది. జ్వాల ఆటో హ్యాండిల్ పట్టుకొని ఎదురు మాట్లాడితే అది టీవీ ముందు నిలబడి అవే మాటలు తెలుగులో అప్పజెప్పేది. అమ్మమ్మ మంచంలోంచి నవ్వేది. అందుకని ఆ భాగాన్ని నేను పూర్తిగా తిట్టలేను.

జూలైలో అవ్వ పోయింది. 

ఆగస్టులో దీప తిరిగొచ్చింది. కోమాలో ఉండిందట, కార్తీక్‌కు గతం గుర్తు లేదట. మేమిద్దరం టీవీ ముందు కూర్చొని ఉన్నాం. దీప కళ్ళు తెరిచింది. అక్కకు మొదట నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ చేట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అవ్వకు ఎవరు చెప్పాలె?” అంది. అంత నమ్మలేని మలుపు మీద అంత ఏడుపు మా ఇంట్లో తప్ప ఎక్కడా ఏడ్చి ఉండరు.

2023 జనవరిలో పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లతో అది అయిపోయింది. 2024 మార్చిలో అవే ముఖాలతో కొత్త కథ మొదలైంది. పేరు పాతదే, మనుషుల సంబంధాలు వేరు.

పెళ్ళి పందిట్లో అక్క అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. రాసినవాళ్ళకు కొన్నేళ్ళు చెయ్యి బాగా ఆడింది, కొన్నేళ్ళు తప్పింది. ఆ తప్పిన ఏళ్ళను నేను వెనకేసుకు రాను. కానీ ఆ ఏళ్ళలోనే మా ఇంట్లో జరగాల్సిన పోట్లాట జరిగింది, ఆగిపోయిన మాట బయటికి వచ్చింది. అక్కా అవ్వా దీప పేరు పెట్టుకొని తమ సంగతి తేల్చుకున్నారు.

అక్క బిడ్డ ఇప్పుడు పదో తరగతి. రాత్రి టీవీ అదే పెడుతుంది. అక్క చూస్తుంది, కొంచెం చూస్తుంది, కట్టలు లెక్కబెట్టుకుంటుంది. మొన్న అది అడిగింది, “ఆయీ, ఈ దీపనన్న మంచిగ బతుకుతదా?”

“ఎవరి దగ్గరికి పోతదో చూద్దాం” అంది అక్క, దారం పండ్లతో తెంపుతూ.