రాయిచ్చిన కొండ

ధవళేశ్వరం వచ్చినవారు బ్యారేజీ చూస్తారు, కాటన్ మ్యూజియం చూస్తారు, జనార్దనస్వామిని సేవించుకొని వెళతారు. ఆనకట్టకు రాయిచ్చిన కొండను గురించి అడిగేవారు అరుదు. అందుకు నేను ఎవరినీ తప్పుపట్టలేను. ముప్పైయేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నేనూ అడగలేదు.

ఒకనాడు తరగతిలో "ఆనకట్ట కట్టినది ఎవరు?" అంటే పిల్లలందరూ ఏకకంఠంతో "కాటన్ దొర" అన్నారు. వెనుక బల్లనుంచి ఒక కుర్రవాడు లేచి, "రాళ్లు మా తాతలు కొట్టారండీ" అన్నాడు. వడ్డెరల పిల్లవాడు. తరగతి ఘొల్లుమంది. "అడిగినప్పుడు చెబుదువుగాని, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. పాఠం సాగిపోయింది.

ఉద్యోగ విరమణ తరువాత తీరిక చిక్కి ఆ చరిత్ర చదివాను. 1832-33 నాటి నందన కరవు, 1839 నాటి ఉప్పెన ఈ సీమను పీల్చి పిప్పి చేశాయి. 1844లో కాటన్ ఆనకట్ట ప్రతిపాదనతో నివేదిక సమర్పించాడు. 1847లో మొదలైన పని 1852లో ముగిసింది. ఇక్కడ నది లంకల నడుమ నాలుగు పాయలుగా చీలుతుంది కనుక ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆనకట్టకూ నాలుగు భాగాలు. అన్నీ కలిపి సుమారు పన్నెండు వేల అడుగులు. లంకలుండడం ఒక సౌకర్యమైతే, ఒడ్డునే రాతికొండ ఉండడం రెండవది. ఆ రెండవదే లేకుంటే అంత రాయి ఎక్కడినుంచి మోసుకురాగలరు?

అడుగున బండ లేదు, అంతా ఇసుకే. ఇసుకమీద కట్టడాన్ని నిలబెట్టే ఉపాయం కాటన్ కావేరిమీది కల్లణైని చూచి గ్రహించినది. కట్టడానికి దిగువన విడిరాళ్లను గుట్టలుగా పోయాలి. వరద కొన్నింటిని ఈడ్చుకుపోతే మళ్లీ పోయాలి. అంటే కట్టినన్నాళ్లే కాదు, కట్టిన తరువాత కూడా రాయి కావలసిందే! ఆ రాయిని తరలించడానికి ఇనుప పట్టాలు పరిచి బండ్లు నడిపారు. మన దేశంలో తొలి రైలు అనగానే అందరూ 1853 నాటి బొంబాయి-ఠాణా బండినే చెబుతారు. జనం ఎక్కిన బండి అది కావచ్చును. రాయి ఎక్కిన బండి అంతకుముందే మా ఊళ్లో నడిచింది.

కూలీలను సమకూర్చిన వీణెం వీరన్నగారి పేరైనా చరిత్రలో నిలిచింది. సమ్మెట పట్టినవారి పేర్లు నేను చదివిన పుస్తకాలలో కనబడలేదు. రాతిపని, మట్టిపని వడ్డెరల కులవృత్తి. ఆ పిల్లవాడు ఇంట విన్నమాటే చెప్పి ఉంటాడు. నేనా, పుస్తకంలో లేదు కనుక కూర్చోబెట్టాను.

1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. పెట్టవలసినదే, ఆ మహానుభావుని యెడ నాకు భక్తి తగ్గలేదు. సాయంకాలం దానిమీద నడుస్తూ ఆ కుర్రవాడి పేరు జ్ఞాపకం చేసుకోజూస్తాను. ముఖం కనబడుతుంది, చిరిగిన చొక్కా జేబు కనబడుతుంది. పేరు మాత్రం రాదు. ఇప్పటికి యాభైయేళ్లవాడై ఉంటాడు.