మూడు రాత్రుల బస

ఊరు దాటిన మనిషికి మొదట కావలసినవి రెండే: ఆకలి తీర్చే అన్నం, తల వాల్చే చోటు. ఈ రెండింటినీ సమకూర్చే ఏర్పాట్లు తెలుగునాట ప్రాచీన కాలం నుంచీ ఉన్నాయి. ధర్మాత్ములు బాటసారుల కోసం సత్రాలు కట్టించారు. వేసవిలో చలివేంద్రాలు నడిపారు. సొమ్ము చెల్లించి భోజనం చేయదలచిన వారికి పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. ఓరుగల్లు నగర జీవితాన్ని కళ్ళకు కట్టించే ‘క్రీడాభిరామం’లో ఒక రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూటింటి వర్ణన ఉంది. ఆ అవసరమే నేటి మహానగరాలలో హోటలు రూపం ధరించింది. అవసరం మారలేదు, రూపమూ, వెలా మారాయి.

పూర్వం బాటసారికి ఎంపిక అన్న చిక్కు లేదు. దొరికిన సత్రమే స్వర్గం. నేడు ముంబై వంటి నగరంలో విలాసవంతమైన హోటళ్ళే ఎన్నో ఉన్నాయి. ప్రతి హోటలూ తనకు తానే సాటి అని చెప్పుకొంటుంది. చలువరాతి నేలలు, మెత్తని పరుపులు, ఈతకొలనులు అన్నింటా ఉంటాయి. అటువంటప్పుడు ఏది ఎంచుకోవాలి? దేనిని బట్టి ఎంచుకోవాలి? సిరిసిల్లకు చెందిన ఒక నేత కుటుంబానికి ఈ ప్రశ్న ఎదురైంది. దానికి దొరికిన సమాధానం వారు ఊహించినది కాదు.

ఆ కుటుంబంలోని కుమార్తె హైదరాబాదులో బ్యాంకు అధికారిణి. తల్లిదండ్రుల వివాహమై నలభై యేళ్ళు నిండిన సందర్భంలో వారిని ముంబై తీసుకువెళ్ళి, మూడు రాత్రులు గొప్ప హోటలులో ఉంచాలని ఆమె సంకల్పించింది. ముంబైనే ఎంచుకోవడానికి కారణం ఉంది. తండ్రి యౌవనంలో అక్కడి బట్టల మిల్లులో, మగ్గాల ఖాతాలో పనిచేశారు. 1982లో ఊరికి తిరిగివచ్చి మరమగ్గాలు నడిపి పిల్లలను చదివించారు. ఆ తరువాత మళ్ళీ ఆ నగరం ముఖం చూడలేదు.

తెలుగువారికీ ముంబైకీ గల అనుబంధం చాలా పాతది. నిజాం రాజ్యం నుంచి వలస వెళ్ళి అక్కడి కట్టడాలలో కష్టించిన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా అన్న పేట వెలిసింది. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ అక్కడ తొలి నూలు మిల్లును నెలకొల్పిన తరువాత పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాలు మిల్లులతో నిండిపోయాయి. మరాఠీలో ఆ ప్రాంతాన్ని ‘గిరణ్‌గావ్’ అన్నారు. మిల్లుల ఊరు అని దాని అర్థం. కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి యువకులు ఎందరో ఆ మిల్లుల సైరన్ మోతకు నిద్ర లేచినవారే.

కుమార్తె తన అన్వేషణను పద్ధతిగా ఆరంభించింది. ఒక పుస్తకం తెరిచి గడులు గీసుకొంది. మొదటి గడిలో నక్షత్రాలు రాసుకొంది. మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖకు చెందిన సంఘం హోటళ్ళను పరిశీలించి, ఒక నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల వరకు, ఆపైన ‘ఫైవ్ స్టార్ డీలక్స్’ అనే శ్రేణిని ఇస్తుంది. 1950కి పూర్వం నిర్మించిన కోటలలో, రాజభవనాలలో నడిచే హోటళ్ళకు వారసత్వ హోటళ్ళ శ్రేణి వేరుగా ఉంది. ఈ గుర్తింపు కోరడం హోటలు యజమాని ఇష్టం. గుర్తింపు అయిదేళ్ళ వరకు చెల్లుతుంది. గదుల వైశాల్యం, వంటశాల పరిశుభ్రత, సిబ్బంది శిక్షణ, అగ్నిప్రమాద రక్షణ వంటివన్నీ ఆ పరిశీలనలోకి వస్తాయి. నక్షత్రాలు చూస్తే హోటలులో ఏమేమి ఉన్నాయో తెలుస్తుంది. అక్కడివారు అతిథిని ఎలా చూసుకొంటారో తెలియదు.

రెండవ గడిలో వెల రాసుకొంది. ఒకే గది అద్దె రోజుకొక తీరుగా మారుతూ ఉండడం ఆమె గమనించింది. వ్యాపార కేంద్రాలలోని హోటళ్ళు శని, ఆదివారాలలో అద్దె తగ్గిస్తాయి. విహార స్థలాలలోనివి అదే రోజులలో పెంచుతాయి. చూపిన అద్దె మీద పన్ను వేరుగా పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన మార్పు ప్రకారం రోజుకు 7,500 రూపాయలు మించని గదికి 5 శాతం, మించిన గదికి 18 శాతం పన్ను. ఉదయపు ఫలహారం అద్దెలో చేరి ఉందా, ప్రయాణం మానుకొంటే సొమ్ము తిరిగి వస్తుందా, మధ్యాహ్నం ఎన్ని గంటలకు గది ఇస్తారు అన్న మూడు ప్రశ్నలను ఆమె ఎర్ర సిరాతో రాసుకొంది. లెక్కలు కడుతూ ఉండగా ఆమెకు ఒక సంగతి తట్టింది. ఆ హోటళ్ళలో ఒక్క రాత్రి అద్దె, తండ్రి మిల్లులో ఏడాది పొడవునా సంపాదించినదానికన్నా ఎక్కువ. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు.

చివరకు ఆమె మనస్సు అపోలో బందర్ వద్ద సముద్రానికి ఎదురుగా ఉన్న తాజ్ మహల్ ప్యాలెస్ మీద నిలిచింది. జంషెడ్‌జీ టాటా సంకల్పించిన ఆ భవనం 1903లో తలుపులు తెరిచింది. దాని ముందున్న గేట్ వే ఆఫ్ ఇండియా పూర్తయింది 1924లో. అంటే ద్వారం కంటే ముందే విడిది వెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అది ఆసుపత్రిగా కూడా సేవలందించింది. 2008 నవంబరు 26న ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు అక్కడి సిబ్బంది పారిపోక, అతిథులను కాపాడుతూ కొందరు ప్రాణాలనే అర్పించారు. అంతకు మించిన ఆతిథ్యం ఉండదని ఆమె అనుకొంది. పండుగకు ఊరికి వెళ్ళినప్పుడు ఆ హోటలు చిత్రాలను తండ్రికి చూపింది.

ఆయన చాలాసేపు చూశారు. ఆదివారాలు సెలవు దొరికినప్పుడు స్నేహితులతో కలిసి అక్కడికి వెళ్ళి, గట్టు మీద కూర్చొని పల్లీలు తింటూ, ఆ గుమ్మటాన్ని చూసి వచ్చేవారమని చెప్పారు. లోపలికి వెళ్ళవచ్చునన్న ఊహే తమకు ఎన్నడూ రాలేదన్నారు. తరువాత మెల్లగా అడిగారు:

“మంచిగనే ఉన్నది బిడ్డా. మరి అక్కడికెళ్ళి డిలైల్ రోడ్డు ఎంత దూరం?”

“దూరమే బాపూ. ట్రాఫిక్‌లో గంట పట్టినా పట్టొచ్చు. అక్కడ మనకు ఎవరున్నరు?”

ఆయన బదులు చెప్పలేదు. వంటింటి గుమ్మంలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి అందుకొన్నారు. “మూడు నెలల తిండి పైసలు బాకీ ఉన్నడు. నా పెండ్లయిన సంది ఆ లెక్క ఇంటనే ఉన్న.”

అప్పుడు బయటపడింది అసలు కథ. ఆ రోజులలో మిల్లు కార్మికులు చాళ్ళలోని ఒక్కొక్క గదిలో పదేసి మంది ఉండేవారు. పగటి పాళీవారు లేచిన చాప మీద రాత్రి పాళీవారు పడుకొనేవారు. వారికి అన్నం పెట్టినవి ‘ఖానావళ్’ అనే పూటకూళ్ళ ఇళ్ళు. ఇంటి ఇల్లాలే వండి వడ్డించేది. జీతాలు అందినప్పుడు నెల సొమ్ము పుచ్చుకొనేది. వెచ్చాలకు ఆమె వడ్డీవ్యాపారుల దగ్గర అప్పు తెచ్చుకోవలసి వచ్చేది. ఆ బాధ నుంచి ఇటువంటి స్త్రీలను తప్పించడానికే 1975లో ప్రేమా పురవ్ ‘అన్నపూర్ణ మహిళా మండల్’ను స్థాపించారు.

తండ్రి భోజనం చేసిన ఖానావళ్ డిలైల్ రోడ్డు చాళ్ళలో ఉండేది. దానిని నడిపే ఇల్లాలిని అందరూ ‘మావశీ’ అని పిలిచేవారు. మరాఠీలో పిన్ని అని అర్థం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. జీతాలు ఆగిపోయాయి. మావశీ మాత్రం వడ్డన ఆపలేదు. జొన్నరొట్టె, పప్పు పెడుతూనే ఉంది. ఏప్రిల్‌లో ఆయన ఊరికి బయలుదేరినప్పుడు, మిల్లు తెరవగానే వచ్చి బాకీ తీరుస్తానని మాట ఇచ్చారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. అది తనంతట తానే చల్లారిపోయింది. ఎన్నో మిల్లులు మళ్ళీ తెరుచుకోలేదు. ఆయన ఇచ్చిన మాట అలాగే మిగిలిపోయింది.

బ్యాంకు అధికారిణి కనుక కుమార్తె అలవాటుగా అసలూ వడ్డీ లెక్క కట్టబోయింది. కానీ సమ్మెకాలంలో అప్పు చేసి పెట్టిన అన్నానికి ఏ రేటున వడ్డీ కట్టాలో ఆమెకు తోచలేదు. పుస్తకం మూసింది.

ఆ రాత్రి ఆమె కొత్తగా వెదకడం ఆరంభించింది. డిలైల్ రోడ్డుకు దగ్గరగా ఉండే లోయర్ పరేల్‌లో మూతపడిన మిల్లుల స్థలాలలో ఇప్పుడు అంగడి సముదాయాలు, కార్యాలయ భవనాలు, గొప్ప హోటళ్ళు లేచాయి. కొన్నిచోట్ల మిల్లు పొగగొట్టాన్ని మాత్రం గుర్తుగా నిలిపి ఉంచారు. అక్కడ బస చేయడం సౌకర్యమే. అయితే పని పోగొట్టుకొన్న చోటే తండ్రిని పట్టుపరుపు మీద పడుకోమనడం ఆయనను గాయపరచదా అని ఆమె సందేహించింది. అదే ఆయనను అడిగింది. ఆయన తేలికగా అన్నారు: “పని పోయింది అక్కడనే. పానం నిలిచింది గూడ అక్కడనే గదా బిడ్డా.”

ఇక మిగిలినది తల్లి మోకాళ్ళ నొప్పి. ఆమె రెండు హోటళ్ళకు స్వయంగా ఫోను చేసింది. మొదటి చోట సమాధానమిచ్చిన వ్యక్తి ఈతకొలను గురించి, పదకొండు రకాల దిండ్ల గురించి వల్లించినట్టు చెప్పాడు. మెట్ల సంగతి అడిగితే మళ్ళీ దిండ్ల దగ్గరికే వచ్చాడు. రెండవ చోట మాట్లాడిన యువతి ముందుగా తానే అడిగింది: “అమ్మగారు ఎంత దూరం నడవగలరు? మంచం ఎత్తుగా ఉంటే ఇబ్బందా?” స్నానాల గదిలో పట్టుకొనే కమ్మీ, కూర్చొని స్నానం చేసే పీట ఉన్న గదిని, లిఫ్టుకు దగ్గరగా ఉన్నదానిని కేటాయిస్తానంది. ఆ ప్రశ్నతోనే ఎంపిక పూర్తయింది. మొదటి హోటలులో అద్దె కొంత తక్కువ అయినా ఆమె వెనుదీయలేదు.

ముంబైలో మొదటి సాయంత్రం తండ్రి పదహారవ అంతస్తు కిటికీ ముందు నిలబడి, కింద కనిపించే పొగగొట్టాన్ని బట్టి దిక్కులు గుర్తుపట్టారు. ఏ మిల్లు ఎక్కడ ఉండేదో భార్యకు వేలు పెట్టి చూపారు. ఆమె మోకాళ్ళకు వేడినీటి సంచి పెట్టుకొని, విన్న పేర్లకు చూసిన చోట్లను జతపరచుకొన్నారు.

మరునాటి ఉదయం హోటలులో ఫలహారం చేయకుండానే ముగ్గురూ డిలైల్ రోడ్డుకు వెళ్ళారు. మావశీ కాలం చేసి చాలా ఏళ్ళయిందని, ఆమె పిల్లలు ఆ చోటు విడిచిపోయారని ఒక వృద్ధుడు చెప్పాడు. వారు ఎక్కడికి వెళ్ళారో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తండ్రి కాసేపు ఆ గుమ్మం ముందు నిలబడి వెనుదిరిగారు. వీధి చివర ఇద్దరు స్త్రీలు చిన్న భోజనశాల నడుపుతున్నారు. భవన నిర్మాణ కూలీలు కొందరు అక్కడ తింటున్నారు. ఆయన తనకు మిగిలిన మరాఠీలో సంగతంతా చెప్పి, చొక్కా జేబులోని కవరు వారి ముందు పెట్టారు. పెద్దామె దానిని ముట్టుకోలేదు. ఎవరో పెట్టిన అన్నానికి తాను సొమ్ము ఎలా తీసుకొంటానంది. ముందు కూర్చొని తినమంది.

ముగ్గురూ బల్ల మీద కూర్చొని జొన్నరొట్టె, పప్పు తిన్నారు. తిన్న తరువాత తండ్రి మరొక మాట అడిగారు. జీతం అందక ఇబ్బందిపడే కూలీ ఎవరైనా వస్తే ఆ సొమ్ములోంచి పెట్టగలరా అని. ఆమె కొంతసేపు ఆలోచించి, సరేనంది. ఖాతా పుస్తకం తీసి ఒక కొత్త పుట తెరిచింది. ఆయన పేరు రాసి, దాని ఎదుట ‘జమ’ అని రాసింది. ఇన్నేళ్ళూ మరొకరి పుస్తకంలో బాకీగా ఉన్న పేరు అది.

హైదరాబాదుకు తిరిగి వచ్చిన తరువాత కుమార్తెకు తన పుస్తకం మళ్ళీ కంటబడింది. నక్షత్రాలు, వెల, పన్ను, ఫలహారం అన్నీ వరుసగా ఉన్నాయి. అవేవీ వ్యర్థమైనవి కావు. ఆ వివరాలు తెలియకుంటే తల్లికి అనువైన గది దొరికేది కాదు. అయితే వాటన్నిటికంటే పైన రాయవలసిన ప్రశ్న ఒకటి విడిచిపెట్టినట్టు ఆమెకు తోచింది. ఖాళీగా ఉన్న పై అంచులో చిన్న అక్షరాలతో రాసుకొంది: ‘వెళ్ళేవారిని ముందుగా అడగాలి - అక్కడ ఎవరిని చూడాలని ఉంది?’