చేవెళ్ళ మర్రిచెట్లను చదివేదెవరు?

అప్పా జంక్షన్ దాటినా హైదరాబాద్ మనల్ని వెంటనే వదలదు. ఫామ్‌హౌస్‌ల బోర్డులు, రిసార్టులు, ఇంజనీరింగ్ కాలేజీల గేట్లు వెంటే వస్తుంటాయి. మొయినాబాద్ దాటాక మాత్రం ఎండ తగ్గుతుంది. రెండువైపులా మర్రిచెట్లు, పైన కొమ్మలు కలిసిపోయి నీడ సొరంగంలా ఉంటుంది. మనం బీజాపూర్ రోడ్డు అనే ఈ దారి కాగితాల మీద జాతీయ రహదారి 163. మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో 900కి పైగా మర్రులున్నాయి. నిజాం కాలంలో నాటారని చెప్తారు. బీటెక్ నాలుగేళ్ళూ నేను కాలేజీ బస్సులో ఈ నీడలోనే నిద్రపోయా.

ఈ రోడ్డును నాలుగు లేన్లు చెయ్యాలనుకున్నారు. చెట్లు అడ్డమొచ్చాయి. చెట్ల ప్రేమికులు గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్ళారు, పని ఏళ్ళ తరబడి ఆగింది. చివరికి 2025లో డిజైన్ మార్చి, చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నిటిని తవ్వి వేరేచోట నాటేలా దారి కుదిరింది. అదే ఏడాది నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ తర్వాత ఇక్కడ చెట్ల గురించి గట్టిగా మాట్లాడాలంటే ఎవరికైనా గొంతు తగ్గుతుంది.

చేవెళ్ళలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన్ని అడిగా, "తాతా, ఈ చెట్లు ఉండాల్నా వద్దా?" అని.

"ఉండాలె బిడ్డా. రోడ్డు గూడ గావాలె. మా పోరగాళ్ళు దినాం గీ రోడ్డు మీదనే పోతరు గద!" అన్నాడు.

రెండూ కావాలంటే ఎలా? ఇక్కడే అసలు పని మొదలవుతుంది. అది రోడ్డు ఇంజనీర్ ఒక్కడి వల్ల అయ్యేది కాదు.

మర్రికాయని కోసి చూడండి. లోపల ఉన్నవన్నీ పూలే! వాటికి పరాగం మోసేది గింజంత కందిరీగ ఒక్కటే. దాని పేరు యూప్రిస్టినా మసోని. ఆడ కందిరీగ కాయ అడుగునున్న సన్నటి కంతలోంచి దూరుతూ రెక్కలు పోగొట్టుకుంటుంది, గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లలు పెరిగి బయటికొచ్చాక మహా అయితే ఒకట్రెండు రోజులు బతుకుతాయి. ఆలోగా సరైన దశలో ఉన్న కాయలు ఇంకో మర్రి మీద దొరకాలి. మర్రులన్నీ ఒకేసారి కాయవు కాబట్టే ఈ గొలుసు తెగదు. ఎండాకాలంలో వేరే పళ్ళు లేనప్పుడు కూడా గోరింకలకీ కోయిలలకీ గబ్బిలాలకీ ఎక్కడో ఒక మర్రి పండి ఉంటుంది. అంటే 900 చెట్లను విడివిడిగా లెక్కపెడితే చాలదు. ఏది ఎప్పుడు కాస్తోంది, ఏ తొర్రలో ఏ పిట్ట ఉంది, వరుసలో ఏ చెట్టు తీస్తే ఎంత ఖాళీ వస్తుంది, ఇవన్నీ ఎవరో ఏళ్ళ తరబడి రాసుకోవాలి.

చెట్టును తరలించడం కూడా అంతే. కొమ్మలు నరికి, వేళ్ళను మట్టి ముద్దతో సహా తీసి, క్రేన్‌తో ఎత్తుతారు. మర్రికి మొండి ప్రాణం, నరికిన కొమ్మ పాతినా చిగురిస్తుంది. అయితే చిగురు ఫొటో వాట్సాప్‌లో పెట్టగానే చెట్టు బతికేసినట్టు కాదు. మళ్ళీ ఊడలు దిగి, కాయలు కాసి, పిట్టలు చేరేదాకా చూడాలి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రినే తీసుకోండి. చెదలు పడితే 2018లో సెలైన్ బాటిళ్ళు వేలాడదీసి, చుక్కచుక్కగా మందెక్కించారు. ఒక్క చెట్టుకే అంత సేవ కావాల్సి వచ్చింది!

దీన్నే ఉద్యోగంగా చేసేవాళ్ళున్నారని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో 2016 నుంచి ఫారెస్ట్రీ డిగ్రీ ఉంది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లోనే దక్కన్ కేంద్రం ఉంది. మర్రి అరుదైన చెట్టేం కాదు. తిరుమల కొండల్లోని సైకస్ బెడ్డోమీ లాంటివి అరుదైనవి, వాటి కోసం కొండలెక్కేవాళ్ళు కావాలి. తమిళనాడు వాల్పరైలో టీ తోటల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు స్థానిక చెట్లు నాటుతూ అడవిని తిరిగి నిలబెడుతున్నారు.

డబ్బుల సంగతా? నెట్ పాసైన జూనియర్ రీసెర్చ్ ఫెలోకి 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు. నా మొదటి జీతం కంటే ఎక్కువే. కాకపోతే ప్రాజెక్టు అయిపోతే చాలాసార్లు ఉద్యోగం కూడా అయిపోతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే. చెట్టు వందేళ్ళు బతుకుతుంది, దాన్ని చూసేవాళ్ళకి మూడేళ్ళ కాంట్రాక్టు! మ్యాపులు, డ్రోన్ ఫొటోలు, పైథాన్ తెలిసినవాళ్ళకి ఇందులో బోలెడు పని ఉంది. నేనైతే ప్రస్తుతానికి శనివారాలే ఇవ్వగలను.

మీరూ వెళ్ళాలనుకుంటే పొద్దున్నే ఆరింటికల్లా మొయినాబాద్ చేరుకోండి. టిప్పర్లు జాగ్రత్త. సెల్ఫీ కోసం చెట్టు కింద బండి ఆపొద్దు, పక్క ఊరి మట్టిరోడ్డులోకి తిప్పి ఆపుకోండి. కింద ఎర్రటి పళ్ళు రాలి ఉన్న చెట్టు కనిపిస్తే పది నిమిషాలు కదలకుండా పైకి చూడండి.