మన ఫైలు యాడుంది?

మా వాళ్ళు ఏ ఆఫీసు మెట్లెక్కినా ముందు అడిగే మాట ఒకటే: "మన ఫైలు యాడుంది సామీ?" జవాబు కుర్చీలో కూర్చున్నాయన చేతిలో ఉంటుంది. ఇప్పుడా ఫైలు బీరువాలోంచి కంప్యూటర్లోకి పోయింది. అడిగే మాట మాత్రం మారలేదు. అందుకే తిరుపతి, చిత్తూరు పక్కల ఎరుకల ఇండ్లలో పుట్టి నాలుగక్షరాలు నేర్చిన మేం, మా పిల్లలకు కంప్యూటర్లో మొదట టైపింగు నేర్పడం లేదు. ఫైళ్ళ కిటికీ తెరవడం నేర్పుతున్నాం.

దీనికి కారణం చాలా వెనక ఉంది. మా పేరు మీద ఫైలు తెరిచిన మొదటివాళ్ళలో పోలీసులున్నారు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో కొత్త చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మా చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడే. పుట్టిన కులాన్ని బట్టే పేరు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు మారాలంటే స్టేషన్లో చెప్పి పోవాలి. ఆ చట్టం 1952లో పోయింది. అప్పటిదాకా మా గురించిన కాగితం ఉండేది గానీ, అది మా చేతిలో ఉండేది కాదు. అందులో ఏం రాశారో మా తాతలకు చదివి చెప్పేవాళ్ళూ లేరు.

తర్వాత కాగితాల అవసరం మాకే వచ్చింది. కుల ధ్రువపత్రం, ఆదాయం పత్రం, రేషన్ కార్డు, ఆధార్, ఇంటి పట్టా. మీసేవ 2011 నవంబరులో మా జిల్లాలోనే, తిరుపతిలో మొదలైంది. 2019లో గ్రామ సచివాలయాలొచ్చాయి. తిరిగే తిరుగుడు కొంత తగ్గింది, నిజమే. కానీ ఇంకో చిక్కు మిగిలింది. పాప కాలేజీ అప్లికేషను పెట్టాలంటే నెట్ సెంటరుకు పోతాం. ఆ అబ్బాయి స్కాన్ చేస్తాడు, అప్‌లోడ్ చేస్తాడు, డబ్బులు తీసుకుంటాడు. మళ్ళీ నెలకు స్కాలర్‌షిప్ కోసం పోతే మళ్ళీ స్కాను, మళ్ళీ డబ్బులు. మన ఆధార్, మన బ్యాంకు పుస్తకం అతని కంప్యూటర్లో డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. మనకు మాత్రం అవి యాడున్నాయో తెలియదు.

మా పెద్దలకు ఫోల్డరంటే ఏందో చెప్పడం కష్టం కాలేదు. గంపలో బుట్ట, బుట్టలో చిన్న బుట్ట. వెదురు బద్దలతో గంపలల్లిన చేతులకు అది వెంటనే తెలుస్తుంది. కీబోర్డు మీద విండోస్ మీట పట్టుకుని ఈ అక్షరం నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కిటికీ తెరుచుకుంటుంది. ఎడమ పక్క ఉండేది గంపల వరస: డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, కింద సీ, డీ డ్రైవులు. కుడి పక్క ఉండేది ఇప్పుడు తెరిచిన గంపలోని సరుకు. పైన పొడుగ్గా ఉండే గడిలో మనం వచ్చిన దారి రాసి ఉంటుంది. ఏ గంపలోంచి ఏ బుట్టలోకి వచ్చామో అది చెప్తుంది. దారి తప్పితే ఆ గడి చూడమంటాం. అందులో వెనక పేరు మీద నొక్కితే అక్కడికే పోతాం.

ఎక్కువమంది తికమకపడేది సేవ్ కొట్టినాక. సేవ్ అయితే అవుతుంది, యాడికి పోయిందో తెలియదు. పోలేదు, ఉంటుంది. డౌన్‌లోడ్స్ తెరిచి, తారీఖు వరసలో పెడితే కొత్తది పైనే కనబడుతుంది. లేకుంటే కుడి పక్క పైన వెతికే గడిలో పేరులో ఒక ముక్క కొట్టినా చాలు. మొదటిసారి దాచేటప్పుడే సేవ్ యాజ్ అని ఎంచుకుని, గంప చూసుకుని దాస్తే ఈ వెతుకులాటే ఉండదు. డెస్క్‌టాప్ మీద పెట్టినవి మామూలుగా సీ డ్రైవులోనే ఉంటాయి. రిపేరుకిచ్చినప్పుడు దాన్ని ఫార్మాట్ చేస్తే అవీ పోతాయి. పెన్‌డ్రైవులోంచి తుడిచింది సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి రాదు. ఈ రెండూ ముందే చెప్పాలి.

పేరు పెట్టడం ఇంకో విద్య. మా ఇండ్లలో తాత పేరు మనవడికి పెడతాం. ఒక్క కాలనీలో ఒకే పేరుతో నలుగురుంటారు. అందుకే ఫైలుకు మనిషి పేరు, నాయన పేరు, పత్రం పేరు, ఏడు, నాలుగూ రాయమంటాం. తారీఖులో ఏటవాలు గీత పెడితే కంప్యూటరు ఒప్పుకోదు, అడ్డగీత పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. శ్రీకాళహస్తి, చంద్రగిరి వాళ్ళ పాత పత్రాల్లో చిత్తూరని, కొత్తవాటిలో తిరుపతి అని ఉంటుంది. పాతదని పారేయకుండా రెండూ ఒకే ఫోల్డర్లో ఉంచమని చెప్తున్నాం. అడిగినప్పుడు రెండూ చూపించొచ్చు.

ఇవన్నీ సర్కారు అడిగే కాగితాలు. ఎవరూ అడగనివి కూడా మా దగ్గర కొన్నున్నాయి. మా కుర్రు భాషకు లిపి లేదు. మా అవ్వలు ఎరుక చెప్పేటప్పటి మాటలు, ఏ వెదురు గంపకు పనికొస్తుందో, ఏది చేటకు పనికొస్తుందో చెప్పే మాటలు, చావుకు ఏడ్చే పాటలు నోట్లోనే ఉన్నాయి. పిల్లలు ఫోన్లో రికార్డు చేస్తున్నారు, మంచిదే. కానీ అవి అంకెల పేర్లతో వాట్సాప్ గంపలో అడుగునెక్కడో పడి ఉంటాయి. ఫోను పగిలితే అవ్వ గొంతూ పోయినట్టే. ఆ అవ్వ లేకపోతే మళ్ళీ తెచ్చుకోలేం.

కాబట్టి ఇప్పుడు కేబుల్ పెట్టి ఫోన్ని కంప్యూటరుకు కలిపి, ఆ రికార్డులు బయటికి తీస్తున్నాం. "అవ్వ మాటలు" అని తెలుగులోనే ఒక ఫోల్డరు చేసి, లోపల ఊరికొక బుట్ట, మనిషికొక బుట్ట పెడుతున్నాం. అవ్వ పేరు, ఊరు, ఏడు, ఏం చెప్పిందో ఒక మాట. కుర్రు మాటనే తెలుగు అక్షరాల్లో రాస్తే కంప్యూటరు తప్పు పట్టదు. ఒక నకలు కంప్యూటర్లో, ఒక నకలు పెన్‌డ్రైవులో, ఆ పెన్‌డ్రైవు ఇంకొకరింట్లో.

ప్రతి కాలనీలో ఈ కిటికీ తెరవగల పిల్ల ఒకరుంటే చాలు. పెద్దోళ్ళ ముందు కూర్చుని చేయాలి, ఏ గంపలో పెట్టిందో చూపించాలి. పెద్దోళ్ళు కూడా "నువ్వే చూసుకోమ్మా" అని లేచి పోగూడదు. పక్కన కూర్చుని దారి చూడాలి. మన కాగితం, మన మాట యాడున్నాయో మనకు ఎరుక ఉండాలి.